తిరగేసిన రేకులు

ప్రసాద్ గారి ముక్కు దగ్గర కారుతోంది.

అంకమ్మ సత్తు గిన్నె తెచ్చి సరిగ్గా ఆ చుక్క కింద పెట్టింది. ఇంటి మీద కప్పిన ఫ్లెక్సీలో ప్రసాద్ గారు రెండు చేతులూ జోడించి నవ్వుతుంటాడు. ఎన్నికలప్పుడు క్వారీ రోడ్డు మలుపులో కట్టిన ఫ్లెక్సీ అది. ఇల్లు కాలాక, పైన కప్పుకోవడానికి నాలుగు రేకులు ఇప్పించండయ్యా అని అంకమ్మ మొగుడు చెన్నయ్య ప్రసాద్ గారి క్వారీ ఆఫీసు ముందు నిలబడితే, గుమాస్తా ఈ చుట్ట తెచ్చి చేతిలో పెట్టాడు. రేకులడిగినవాడికి బొమ్మ దొరికింది. పెళ్ళికి ముందు నుంచీ ఆ క్వారీలోనే నాపరాళ్ళు కొడుతున్న మనిషికి జరిగిన మర్యాద అది.

గోడ వారగా నులకమంచం మీద కూతురు ప్రశాంతి పడుకుని ఉంది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి. వచ్చిననాటికి ఈ ఇంటికి పైకప్పుంది, తలుపుంది, అటక మీద బియ్యం డబ్బా ఉంది. ఇప్పుడు మసిబారిన రాతి గోడలు, సగం కాలిన తాటి దూలాలు మిగిలాయి. పొద్దున పడింది చిన్న జల్లే. అసలు వానలు ముందున్నాయి.

"నకరికల్లు నుంచి మా అత్త ఫోన్ చేసిందమ్మా," అంది ప్రశాంతి. "పసిబిడ్డని ఫ్లెక్సీ కింద పండబెడతారా, నేనొచ్చి తీసకపోతానంటంది."

"పుట్టింట్లో దిక్కులేదని ఊరంతా చెప్పుకోడానికా? ఆగమను. కప్పు పడినాకే నీ కాన్పు."

"నేను ఆపితే ఆగిద్దా?"

అంకమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపు తన్నుకొచ్చింది. కూతురికి కనబడకుండా గిన్నెలో నీళ్ళు పారబోసే వంకతో బయటికి వెళ్ళింది. అప్పుడే బడి వైపు లారీ మలుపు తిరగడం చూసింది. లారీ నిండా ఇనప రేకులు, పైపులు. చెంగు బిగించి ఆ వైపు నడిచింది.

ఈ ఊళ్ళో టీ కొట్లు రెండు, మంచినీళ్ళ ప్లాంట్లు రెండు, మంగలి షాపులు రెండు. ఎవరెక్కడ గడ్డం గీయించుకుంటారో చూస్తే ఓటెటో తెలిసిపోతుంది. ఒకటి ప్రసాద్ వర్గం, ఇంకొకటి వెంకట్రామయ్య వర్గం. పోలింగు అయిన మర్నాడు ప్రసాద్ మనుషులు నాటు బాంబులు పట్టుకొచ్చి వెంకట్రామయ్య బజారు మీద పడ్డారు. ఇళ్ళు తగలబడ్డవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని నరసరావుపేటలో ఒక పాత జిన్నింగు మిల్లులో తలదాచుకున్నారు. బడి దగ్గర పోలీసులు డేరా వేశాకే తిరిగొచ్చారు. బడి ఉన్నది వెంకట్రామయ్య బజారులో. చెన్నయ్య ప్రసాద్ క్వారీలో పనివాడు కాబట్టి అంకమ్మ ప్రసాద్ మనిషి. ఆ లెక్కన ఆమె ఆ బజారులో అడుగుపెట్టకూడదు. పెట్టింది.

వరసలో ఉన్న ఆడవాళ్ళు మాటలాపేశారు. వాళ్ళలో పక్కింటి గురవమ్మ కూడా ఉంది. అంకమ్మను చూసి తల దించుకుని చెప్పుతో నేల గీకింది.

రేకులు పంచుతున్నది దేవిక. విజయవాడ నుంచి వచ్చిన సేవాసంస్థ అమ్మాయి. ఎక్కడెక్కడి దేశాల్లోనో యుద్ధాలు జరిగితే ఇళ్ళు పోయిన జనానికి డేరాలూ రేకులూ ఇచ్చే సంస్థ అది. పల్నాడులో ఇళ్ళు తగలబెట్టారని పేపర్లో చూసి ఇటూ వచ్చింది. రేకుల మీద ఎర్ర రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు కొట్టి ఉన్నాయి: యుద్ధ బాధితులకు బాసట.

"మనదీ యుద్ధమేనంట!" అంది వరసలో ఒకామె.

"కాకపోతే పెళ్ళా?" అంది ఇంకొకామె.

దేవిక మంచి పిల్లే. అంకమ్మ చెప్పేదంతా మధ్యలో అడ్డం రాకుండా వింది. "మీ ఇల్లు పొయ్యి నిప్పుతో కాలిందని మీ ఆయనే పోలీసులతో అన్నారటగా అమ్మా," అంది చివరికి. "దాడిలో పోయిన ఇళ్ళకే ఇవ్వాలి మేము. ప్రమాదాలకు ఇవ్వడానికి నాకు అధికారం లేదు. దాడేనా? అయితే చెప్పండి, మీకూ ఇస్తాను."

చెప్పడానికి అంకమ్మ నోరు తెరిచింది. బడి గోడ మీద కూర్చుని ప్రసాద్ మనిషి ఒకడు ఫోన్ చూసుకుంటున్నాడు. వాడు తలెత్తలేదు గానీ, ఫోన్ మీద వేలు ఆగిపోయింది. అంకమ్మ నోరు మూసుకుంది.

బడి గేటు దాటుతుంటే వెంకట్రామయ్య వెనకే వచ్చాడు. తెల్ల చొక్కా, చేతికి కట్టు. ఆ చెయ్యి బాంబు దెబ్బకు పోబోయి మిగిలింది.

"చూడమ్మాయ్. నీ ఇల్లు ఎవరు కాల్చారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కోర్టులో ఆ ఒక్క మాట చెప్పు. వాళ్ళ మనిషే వాళ్ళ మీద చెప్తే కేసు నిలబడిద్ది. రేకులు దేవికమ్మేంది, నేనే దగ్గరుండి ఏయిస్తా."

"మా ఆయన్ని అడగాలయ్యా," అంది అంకమ్మ. ఆయన్ని అడిగితే ఏమంటాడో ఆమెకు తెలుసు. అయినా రెండు బజార్ల మధ్య నిలబడ్డ మనిషికి అంతకంటే మంచి జవాబు దొరకలేదు.

*

రెండు బజార్లూ కలిసేచోట అంకమ్మకూ గురవమ్మకూ గోడ ఒకటే. నాపరాళ్ళు నిలువునా పాతి కట్టిన నడిమి గోడ. అటు దూలాలూ ఇటు దూలాలూ దాని మీదే ఆనుతాయి. పెరటి చివర పైవరస రాళ్ళు ఎప్పుడో విరిగి మనిషి దూరేంత సందు పడింది. వీధిలో ఎదురుపడితే ఈ ఆడవాళ్ళిద్దరూ మొహాలు తిప్పుకుంటారు. గోడ దగ్గర మాత్రం మజ్జిగ, కరివేపాకు, పిల్లల జ్వరాల మందు, అన్నీ చేతులు మారతాయి. వర్గాలు వీధికి గానీ పెరటికి కాదని ఇద్దరూ ఎన్నడూ అనుకోకుండానే అలవాటు చేసుకున్నారు.

ఆ సాయంత్రం గురవమ్మ అటువైపు కూర్చుని, మసి పట్టిన గుండిగను బూడిదతో తోముతోంది.

"వదినా," అంది అంకమ్మ సందులోంచి. "ఆ దేవికమ్మకి ఒక్క మాట చెప్పు. నా ఇల్లు పొయ్యి నిప్పుకి కాలలేదని నీకు తెలుసు."

"నాకు తెలుసు. మా పిల్లోడు పవన్ గాడికి తెలుసు. ఏం లాభం?"

"మోటరు బండి దాయమని మీ పవనే గదా అడిగింది. గొడవ మొదలైందని తెలిసి తోసుకొచ్చాడు. 'మీరు ప్రసాద్ గారి మనుషులు గదత్తా, మీ ఇంటి జోలికి రారు' అన్నాడు. సరే పెట్టుకోరా అన్నా. తప్పా?"

గురవమ్మ గుండిగను తిప్పి అడుగు తోమడం మొదలెట్టింది.

"వచ్చినోళ్ళు మన ఊరోళ్ళయితే బతికిపోదును. యాడినుంచో తెచ్చారు. ఎవరిల్లేదో ఎరగరు. బండి మీద స్టిక్కర్ చూసి ఇల్లు పోల్చుకోమని చెప్పి పంపారు. బండెవరిదే అని అడిగితే మాదే అన్నా వదినా! మాదే అంటే వదిలేస్తారనుకున్నా. ఆ నెంబర్ ప్లేట్ మీద మీ వెంకట్రామయ్య బొమ్మ అతికించాడని నాకేం తెలుసు?"

ఆ మాట అన్న మరుక్షణం పెట్రోలు సీసా చూరు మీద పడింది. నెలలు మోస్తున్న కూతుర్ని ఈ సందులోంచే అటు ఈడ్చి, అటునుంచి చేలల్లోకి నడిపించింది అంకమ్మ. మర్నాడు ప్రసాద్ గుమాస్తా వచ్చి, మనోళ్ళే మన ఇల్లు తగలబెట్టారంటే జనం నవ్వుతారు, పొయ్యి నిప్పని చెప్పండని చెన్నయ్యకు నేర్పి వెళ్ళాడు. నేర్పింది నేర్పినట్టే చెప్పాడు చెన్నయ్య.

"నేను చెప్తే ఏమైద్దో ఆలోచించావా?" అంది గురవమ్మ. "మావోళ్ళు నిన్ను సాక్షి కింద కోర్టుకి ఈడుస్తారు. మీవోళ్ళు మీ ఆయన్ని క్వారీ నుంచి గెంటుతారు. అంతటితో పోనిస్తారా?"

"అయితే నా బిడ్డని తడవమంటావా?"

గురవమ్మ గుండిగ బోర్లించి లేచి లోపలికి పోయింది. అంకమ్మకు ఒళ్ళు మండిపోయింది. మాదే అన్న ఆ రెండక్షరాల మాటకు తన కొంప పోయింది. ఇవాళ ఈమె నోట్లోంచి ఒక్క మాట ఊడిపడ్డంలేదు. ఆ రాత్రి గోడకు ఇటు వీపు పెట్టి పడుకుంది.

*

మర్నాడంతా గోడకు అటు డ్రిల్లు మోత. పవన్ పైకెక్కి రేకులు బిగిస్తున్నాడు. వినలేక అంకమ్మ పత్తి విత్తనాలు పెట్టే కూలికి పోయింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి చెన్నయ్య క్వారీ దుమ్ము కడుక్కోకుండా గుమ్మంలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతని ఎదురుగా నడిమి గోడకు ఆనించి పైపులూ రేకులూ ఉన్నాయి. కొత్తవి. ఎర్ర అక్షరాలవి.

"ఎవరు పెట్టారు?"

"గోడ మీంచి ఒక్కొక్కటే జారిస్తా పోయారు," అంది ప్రశాంతి మంచం మీంచి. "గురవమ్మత్త ఒక్క ముక్క మాట్లాడలేదమ్మా."

అంకమ్మ సందులోంచి తొంగి చూసింది. గురవమ్మకు వచ్చినవి రెండు గదుల రేకులు. ముందు గది మీద వేసుకుంది. వెనక గది అట్లాగే ఆకాశానికి తెరుచుకుని ఉంది. రాత్రి తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి అంకమ్మకు చెంపలు కాలాయి.

"తిరిగి ఇచ్చెయ్యి," అన్నాడు చెన్నయ్య. "ఈ రాతలు చూస్తే రేపు నన్ను క్వారీలోకి రానియ్యరు. యుద్ధ బాధితులమంట! యుద్ధం ఎవరితో చేశావురా అని అడిగితే ఏం చెప్పను?"

"నీ కూతురు యాడ కంటదో అది చెప్పు ముందు."

అతను తల గోక్కున్నాడు. రేకు అంచు తడిమాడు. మనిషి చెడ్డవాడు కాదు, జీవితమంతా రాయి ఎటు పగులుతుందో చూసుకుని దెబ్బ వేసినవాడు, అంతే. ఆకాశం వంక చూశాడు. గురజాల వైపు నల్లగా కమ్ముకొస్తోంది.

"తిరగేసి ఎయ్యి," అంది అంకమ్మ. "రాత లోపలికి, తెల్లది పైకి. వీధిలో పోయేవాడికి రేకే కనపడిద్ది. రాత మన నెత్తిన ఉండిద్ది, ఎవడు చూస్తాడు?"

చెన్నయ్య లేచి ఫ్లెక్సీ తాళ్ళు విప్పాడు. ప్రసాద్ గారు నవ్వుతూనే చుట్ట చుట్టుకుపోయాడు. కాలని దూలాలు ఏరి, కాలినవాటి మధ్య పైపులు ఎక్కించారు. గాలి వచ్చే దిక్కుకు అంచు పడకుండా, ఒక రేకు గాడి మీద ఇంకో రేకు గాడి ఎక్కించుకుంటూ వచ్చాడు చెన్నయ్య. మేకుతో బెజ్జం కొట్టి, కొక్కెం దూర్చి, తారు వాషరు పెట్టి బిగిస్తున్నాడు. రెండో కొస పట్టుకోవడానికి అంకమ్మ చేతులు చాలడంలేదు. అప్పుడు సందులోంచి పవన్ దూరి వచ్చి, ఎవరూ అడక్కుండానే ఆ కొస పట్టుకున్నాడు. పని అయిందాకా వదల్లేదు. పవన్ వెళ్ళేటప్పుడు ప్రశాంతి, "జాగర్త, మేకులున్నాయి," అంది.

చీకటి పడుతుండగా వాన మొదలైంది. రేకుల మీద డప్పుల మోత. ఒక్క చుక్క లోపలికి రాలేదు. ప్రశాంతి వెల్లకిలా పడుకుని, దీపం వెలుతురులో పైకి చూస్తూ కూడబలుక్కుని చదివింది.

"యుద్ధ బాధితులకు బాసట. అమ్మా, బాసట అంటే ఏంది?"

"తోడు," అంది అంకమ్మ. ఇల్లు కాలిన తరవాత కంటినిండా నిద్రపోయింది ఆ రాత్రే.

*

రెండు రోజులు గడిచాక దేవిక ఫొటోలు తీసుకోవడానికి వచ్చింది. రేకులు పంపిన దాతలకు లేచిన ఇళ్ళు చూపించాలి. వెంకట్రామయ్య వెంట ఉన్నాడు. ఆ వెనక ఆయన మనుషులు. ఇంకాస్త దూరంలో, ఎవరూ పిలవకుండానే, బడి గోడ మీద కూర్చునే ప్రసాద్ మనిషి. గురవమ్మ ఇంటి ముందు ఫొటో తీయబోయి దేవిక ఫోన్ దించింది.

"వెనక గదికి వేయలేదేంటమ్మా? రెండు గదులకూ ఇచ్చాం కదా?"

"ఏస్తాంలేమ్మా, నిదానంగా," అంది గురవమ్మ.

వెంకట్రామయ్య మాత్రం సందు వైపు చూశాడు. ఆ చూపు సందులోంచి అంకమ్మ ఇంటి మీది కొత్త రేకుల మీదికి పాకింది. చరచరా వీధి చుట్టి వచ్చి అంకమ్మ గుమ్మంలో నిలబడి తల పైకెత్తాడు. తిరగేసిన అక్షరాలు కళ్ళబడ్డాయి.

"చూడండి దేవికమ్మా! మా ఇళ్ళు తగలబెట్టిందీ వీళ్ళే, ఇప్పుడు మా రేకులు దొంగిలించిందీ వీళ్ళే. రాత కనపడకుండా ఎట్టా తిరగేశారో చూడండి!"

గుమ్మం ముందు జనం మూగారు. ప్రశాంతి కష్టం మీద లేచి గోడకు ఆనుకుంది. చెన్నయ్య అప్పుడే క్వారీ నుంచి మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. గుంపు వెనకే ఆగిపోయాడు.

"దొంగతనం కాదు," అంది గురవమ్మ. జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. తడి చేతులు చీరకు తుడుచుకుంది. "నేనే ఇచ్చా."

"ఎందుకిచ్చావే? ఎవరనుకుని ఇచ్చావ్?" అన్నాడు వెంకట్రామయ్య.

"మా పవన్ బండి ఈ ఇంట్లో దాచాం బాబాయ్. నీ బొమ్మ ఉన్న బండి. బండి ఎవరిదని వాళ్ళడిగితే ఈవిడ మాదే అంది. ఆ మాటకే కొంప తగలబెట్టారు. పొయ్యి నిప్పు కాదు, ఏమీ కాదు. ప్రసాద్ తెప్పించిన మనుషులే కాల్చారు." ఆమె రేకుల వైపు చెయ్యి చూపింది. "ఇప్పుడు ఈ రేకులు ఎవరివని నన్నడిగితే, నేనేం చెప్పాల? ఆమెవే."

వెంకట్రామయ్య మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. దొరక్క దొరక్క దొరికిన సాక్షిని చూస్తున్న మొహం అది. ప్రసాద్ మనిషి ఫోన్ ఎత్తి అంకమ్మ వైపు పట్టుకున్నాడు.

దేవిక అంకమ్మ దగ్గరగా వచ్చి చెయ్యి పట్టుకుంది. "నిజమేనా అమ్మా? అవునంటే చాలు. వీటిని ఎవరూ ముట్టుకోరు. ఇంకా కావలసినవీ నేను పంపిస్తాను. చెప్పండి."

అంకమ్మ చెన్నయ్య వైపు చూసింది. గుంపు వెనక అతను రెండు చేతులూ జోడించి ఉన్నాడు. ప్రసాద్ ఫ్లెక్సీలో జోడించినట్టు కాదు. వద్దని బతిమాలుతున్నాడు. అంకమ్మ ప్రశాంతి కడుపు వైపు చూసింది. పెట్రోలు సీసా పగిలిన చప్పుడు చెవిలో వినబడింది. మళ్ళీ ఆ సందులోంచి ఈ పిల్లని ఈడ్చుకుపోగలనా అనుకుంది. గురవమ్మ మొహం వైపు చూడటానికి మాత్రం ధైర్యం చాలలేదు.

"పొయ్యి నిప్పేనమ్మా," అంది.

"ఏందే?" అంది గురవమ్మ, సరిగా వినబడనట్టు.

"పొయ్యి నిప్పే. నేనే ఆర్పడం మర్చిపోయా. బండీ లేదు, ఏమీ లేదు."

దేవిక చెయ్యి వదిలేసింది. ఎవరి మాట నిజమో ఆ పిల్లకు అర్థమయ్యే ఉంటుంది. కానీ అర్థమైనదాన్ని ఫొటో తీసి పంపడం కుదరదు కదా. "అయితే వీటిని ఇక్కడ ఉంచలేనమ్మా," అంది నేల చూపులతో. వెంకట్రామయ్య మనుషులు పైకెక్కారు. బిగించినంత సేపు పట్టలేదు విప్పడానికి. గురవమ్మ వెనక గదికి వేయబోతే వెంకట్రామయ్య వద్దన్నాడు. "అబద్ధాలాడి పరువు తీసేదానికి ఒక గది చాల్లే," అని రేకులన్నీ బడికి మోయించాడు. ప్రసాద్ మనిషి ఫోన్ జేబులో పెట్టుకుని, "రేపు పనికి రా చెన్నయ్యా," అని చెప్పి వెళ్ళిపోయాడు.

అందరూ పోయారు. చెన్నయ్య ఫ్లెక్సీ విప్పి మళ్ళీ దూలాల మీదికి లాగాడు. ఒక తాడు తెగిపోయింది. ఆ మూల పట్టుకుని అంకమ్మ నిలబడింది. అప్పటికి సాయంత్రమైంది. గాలి లేచింది. ఆ వెనకే వాన దిగింది. ఈసారి జల్లు కాదు. ఫ్లెక్సీ నడుమ నీళ్ళు నిండి బొడ్డులా కిందికి దిగింది, చూస్తుండగానే చిరిగి మంచం మీద కుమ్మరించింది. ప్రశాంతి కేక వేసింది. అది చన్నీళ్ళకు వేసిన కేక కాదని అంకమ్మకు వెంటనే తెలిసింది.

"నొప్పులు, అమ్మా."

చెన్నయ్య ఆటో కోసం వానలోకి పరిగెత్తాడు. అంకమ్మ తన చీర చెంగు కూతురి నెత్తిన కప్పి అటూ ఇటూ చూసింది. ఎక్కడా పొడి జాగా లేదు. నడిమి గోడ అవతల రేకుల మీద వాన మోగుతోంది. అటు పిలవడానికి ఆమెకు నోరు రాలేదు. ఏ నోటితో పిలుస్తుంది?

సందులో గురవమ్మ మొహం కనబడింది. చేతిలో పొడి దుప్పటి ఉంది.

"పిల్లని ఇటు పంపు," అంది.

అంకమ్మ కూతురి నడుం పట్టుకుని సందు దాకా నడిపించింది. అటునుంచి గురవమ్మ, పవన్ చేతులు చాచి ప్రశాంతిని అందుకున్నారు. రాళ్ళు గీసుకోకుండా గురవమ్మ తన అరచెయ్యి అడ్డం పెట్టింది. పిల్ల అవతలికి చేరాక అంకమ్మ కూడా ఒక కాలు ఎత్తి సందులో పెట్టింది.

"నువ్వొద్దులే," అంది గురవమ్మ. కోపంగా కాదు, మామూలుగానే అంది.

అంకమ్మ కాలు వెనక్కి తీసుకుంది. అవతల ప్రశాంతి మూలుగు, గురవమ్మ సముదాయింపు వినబడుతున్నాయి. ఆమె గోడను ఆనుకుని వానలోనే నిలబడి, ఆటో వస్తుందేమోనని వీధి వైపు చూస్తూ ఉండిపోయింది.